ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోండి

ఆ ఏడాదంతా తూబాకి కుదురన్నది లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఏదో మర్చిపోయినట్టుండేది. మొగుడు కుర్బాన్ అలీ అడిగి చూశాడు, "థైరాయిడేమో, డాక్టరుకి చూపించుకోరాదూ?" అని. అది థైరాయిడ్ కాదు. పోయిన మొహర్రంలో, పదో రోజైన ఆషూరా నాటి సాయంత్రం, తమ వీధి మలుపులో చూసిందేదో ఆమెని వదలడం లేదు.

ఆ ఇంటికొక మొక్కు ఉంది. కుర్బాన్ అలీ పసివాడిగా ఉన్నప్పుడు గొంతు పూడుకుపోయి, ఊపిరాడక, పెదాలు నీలంగా తిరిగాయట. వాడు బతికితే ప్రతి ఆషూరా మధ్యాహ్నం మా గుమ్మంలోకొచ్చిన ప్రతి మనిషికీ అన్నమూ ఖైమే కూరా పెడతానని వాళ్ళమ్మ ఇమాం హుసేన్‌కి మొక్కుకుంది. వాడు బతికాడు. బతికి, తమ ఊరు లంగరూద్ నుంచి రష్త్ పట్నానికి మినీబస్సు నడిపేవాడయ్యాడు. స్టీరింగుకీ పొట్టకీ మధ్య జానెడు సందు కూడా మిగలనంత ఒళ్ళు చేశాడు. మొక్కు మాత్రం ఒక్క ఏడూ తప్పలేదు.

మొదట్లో కంచాల్లో పెట్టేవారు. తర్వాత లోకంతో పాటే తెల్ల థర్మోకోల్ డబ్బాలు వచ్చాయి. డబ్బాలో అన్నం, దాని మీద కూర, పక్కన ప్లాస్టిక్ చెంచా, అన్నీ కలిపి ఒక కవరు. మూతల మీద ఆకుపచ్చ అక్షరాల్లో 'యా హుసేన్' అని అచ్చు వేయించేది అత్తగారు. పోయినేడు పంపకం అయ్యిందో లేదో, కాస్పియన్ సముద్రం మీద నుంచి మబ్బు లేచి కుండపోతగా కురిసింది. మలుపులో కాలువ నోరు మూసుకుపోయి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ఆ నీళ్ళలో డబ్బాలు తేలుతున్నాయి. వీళ్ళింటివే కాదు, వీధిలో మొక్కున్న అన్ని ఇళ్ళవీ. మూతల మీద నుంచి మోటారు సైకిళ్ళు పోతున్నాయి, ఆకుపచ్చ అక్షరాల మీద టైరు గుర్తులు పడుతున్నాయి. తూబా ఒళ్ళంతా కప్పే చాదర్‌ని నడుముకి బిగించి బురదలోకి దిగింది. మూతలు ఏరి ఒడిలో వేసుకుంది. ఎన్ని ఏరినా ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఆ చలికాలంలో అత్తగారు పోయింది. మొక్కు తూబా చేతికి వచ్చింది.

మొక్కు దాకా ఆగకుండా ముందు తన వంటింటితో మొదలుపెట్టింది. పాత కర్టెన్‌తో రొట్టెల సంచి కుట్టుకుంది. మిషను ఎలాగూ ఇంట్లోనే ఉంది. మొహర్రానికి ఊళ్ళో సగం నల్లచొక్కాలు ఆమె కుట్టినవే. రొట్టెల దుకాణంలో అసద్ ఆ సంచిని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"తూబా ఖానుం, మా కవరు ఊరికే ఇస్తున్నానుగా. కర్టెన్ ఎందుకు చింపారు?"

"పాతదిలే, అసద్ ఆగా."

"కర్టెన్ లేకపోతే పొద్దున్నే ఎండ మొహాన కొట్టదూ మా కుర్బాన్‌కి? రాత్రి బస్సు నడిపిన మనిషి!"

క్యూ అంతా నవ్వింది. తూబా కూడా నవ్వింది గానీ ఇంటికొచ్చేదాకా చెవులు వేడిగానే ఉన్నాయి. మాంసం కొట్టువాడు ఒక కవరులో పెట్టి, దాన్ని ఇంకో కవరులో పెట్టి, రక్తం కారుతుందేమోనని మూడోది తీసేవాడు. ఆమె స్టీలు డబ్బా చాపితే ముందు డబ్బాని తూచాలని వాడు, వెనకవాళ్ళకి ఆలస్యమవుతుందని వెనకవాళ్ళు సణిగేవాళ్ళు. పెరుగుకి కుండ పట్టుకెళ్ళింది, జున్నుకి గాజు సీసా. గుడ్డసంచిలో రొట్టె సాయంత్రానికి పెంకులా ఎండిపోయేది. కుర్బాన్ అలీ దాన్ని టీలో ముంచి, కొరికి, దవడ పట్టుకున్నాడు.

"ఇది తింటే నా పళ్ళు ఊడతాయి. కట్టుడు పళ్ళు కూడా ప్లాస్టిక్కే తూబా, అప్పుడేం చేస్తావు?"

"తడిగుడ్డ చుట్టి పెడతాలే రేపట్నుంచి."

తడిగుడ్డ చుడితే బూజు పట్టింది.

ఎంత మానుకుంటే అంత కనపడేది. అలమర తెరిస్తే నూనె డబ్బా, ఉప్పు ప్యాకెట్టు, పళ్ళు తోముకునే బ్రష్షు. అత్తగారు వదిలిపోయిన జపమాల, ఆ తస్బీహ్ పూసలు కూడా వెలుతురులో పెట్టి చూస్తే ప్లాస్టిక్కే. తను కుట్టే నల్లచొక్కాల గుండీలు ప్లాస్టిక్. మిషను ఆపేసి, ఒక గుండీని చూపుడు వేలి మీద పెట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయింది ఓ రోజు. తర్వాత కుట్టేసింది. చొక్కాకి గుండీ లేకపోతే ఎవరేసుకుంటారు?

మొహర్రం నెల మొదలవగానే కుర్బాన్ అలీ అక్క ఇష్రత్ వచ్చింది. ఇష్రత్ విధవరాలు, రెండు వీధుల అవతలే ఇల్లు. తల్లి పోయాక ఆ మొక్కుకి తనే కాపలా అనుకునే మనిషి. టీ గ్లాసు కింద పెట్టకుండానే అడిగింది.

"డబ్బాలకి చెప్పావా?"

"ఈసారి డబ్బాలు వద్దు వదినా. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుంటారు. లేనివాళ్ళకి వాకిట్లో సుఫ్రా గుడ్డ పరిచి కంచాల్లో పెడదాం. మసీదులో స్టీలు కంచాలున్నాయిగా, అడిగాను, ఇస్తామన్నారు."

ఇష్రత్ పంటి కింద చక్కెర బిళ్ళ పటుక్కున విరిగింది.

"ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి. కడిగేదెవరు?"

తూబా చక్కెర గిన్నె ఆమె వైపు జరిపింది.

"అడుగుతున్నా, చెప్పు. కడిగేదెవరు? మా అమ్మ చేతులు నువ్వు ముసలితనంలో చూశావు. నేను వయసులో చూశాను. ఆషూరా సాయంత్రం ఊరంతా మసీదులో ఇమాం కోసం ఏడుస్తుంటే, మేము బావి దగ్గర జిడ్డు కంచాల ముందు ఏడ్చేవాళ్ళం. ఆ డబ్బాలొచ్చాకే ఆడవాళ్ళు ఊరేగింపు మొహం చూశారమ్మాయ్. ఇప్పుడు నువ్వొచ్చి మళ్ళీ మమ్మల్ని బూడిద ముందు కూర్చోబెడతావా?"

తూబాకి ఈ మాట తగిలింది. బురదలో మూతలు చూసింది గానీ, ఆ మూతలు రాకముందు ఎవరి చేతులు ఎలా ఉండేవో ఆలోచించలేదు. అయినా నోరు ఊరుకోలేదు.

"ఆడవాళ్ళు కడగరు."

"మరి? జిన్నులొచ్చి కడుగుతాయా?"

"మగవాళ్ళు కడుగుతారు."

కుర్బాన్ అలీకి టీ పొలమారింది. అక్కాతమ్ముళ్ళిద్దరూ కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వారు. ఇష్రత్ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, నవ్వు మానేసి అంది, "మా అమ్మ మొక్కు నీ పంతానికి పాడు కాకుండా చూసుకో. అంతే నేను చెప్పేది."

మర్నాటి నుంచి తూబా గడప గడపా తిరిగింది. 'ఈసారి గిన్నె తెచ్చుకోండి' అని చెప్పినచోటల్లా సరే అన్నారు గానీ, ఆ 'సరే'లో పస లేదు. ఎదురింటి బతూల్ ఒక్కతే ఉన్నమాట అంది.

"చూడు తూబా, డబ్బా నా చేతికిస్తే అది ప్రసాదం. గిన్నె పట్టుకుని నీ గుమ్మం ముందు నిలబడితే అది అడుక్కోవడం. నా కోడలు చూస్తే ఏమనుకుంటుంది?"

తూబాకి ఆ రోజు అన్నం సయించలేదు. మిషను ముందు కూర్చుంటే దారం తెగేది. ఎవరూ రాకపోతే? అన్నం అంతా మిగిలిపోతే? అత్తగారు అన్నేళ్ళు మోసిన మొక్కు తన చేతిలో మొదటి ఏడే మట్టిపాలైతే?

ఆషూరాకి ముందు రోజు తాసుఆ. ఆ రోజు బతూల్ ఇంట్లో మొక్కు. కుంకుమపువ్వు పాయసం పంచుతుంది, చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో. వీధంతా అక్కడే ఉంది. తూబా ఇంట్లోంచి నీలం అంచు ఉన్న ఎనామిల్ గిన్నె తీసింది. మళ్ళీ పెట్టేసింది. మళ్ళీ తీసి, చాదర్ కింద దాచుకుని వీధి దాటింది. క్యూలో తన వంతు వచ్చేసరికి గిన్నె బయటికి తీసి రెండు చేతులా పట్టుకుని చాపింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

బతూల్ కప్పు అందించబోయినదల్లా ఆగిపోయింది.

"ఏంటిది?"

"గిన్నె. మొక్కు పాయసం, బతూల్ జాన్. అడుక్కుంటున్నా, పెట్టు."

బతూల్ మొహం ఎర్రబడింది. తిడుతుందనుకున్నారు అందరూ. ఆమె డేగిశాలోంచి నిండు గరిటె తీసి గిన్నెలో వంపింది, ఇంకొకటి వంపింది, వేలితో అంచు తుడిచి, "నీ మొండితనం తగలెయ్య," అంది మెల్లగా. తూబా ఆ గిన్నె అందరి మధ్య నుంచి, ఈసారి చాదర్ కింద దాచకుండా, ఇంటికి పట్టుకొచ్చింది.

ఆషూరా పొద్దున్న వాకిట్లో రెండు పెద్ద డేగిశాలు పొయ్యిలెక్కాయి. ఒకదాంట్లో అన్నం, ఒకదాంట్లో శనగబద్దలూ మాంసమూ ఎండు నిమ్మకాయలూ వేసిన ఖైమే. ఆలుగడ్డ ముక్కలు వేయించడం ఇష్రత్ పని. ఎవర్నీ దగ్గరికి రానివ్వదు. మొహం మాత్రం ముడుచుకునే ఉంది. పొద్దెక్కింది. దూరంగా ఊరేగింపు ఢోళ్ళు మోగుతున్నాయి. అన్నం దించారు. కూర మీద నూనె తేలింది. వీధిలో మాత్రం మనిషి లేడు.

తూబా గుమ్మంలోకి వెళ్ళి చూసింది. లోపలికొచ్చి సుఫ్రా గుడ్డ సరిచేసింది. మళ్ళీ గుమ్మంలోకి వెళ్ళింది.

"ఆ గడప అరిగిపోతుంది," అంది ఇష్రత్ బాణలి మీద నుంచి తలెత్తకుండా.

పక్క వీధిలో ఎవరింట్లోనో పంపకం మొదలైనట్టుంది. చేతుల్లో తెల్ల కవర్లతో ఇద్దరు పోతున్నారు.

అప్పుడొచ్చింది బతూల్. తల మీద గంగాళమంత బేసిను, దాని వెనక కోడలు, కోడలి చేతిలో ఇంకో గిన్నె.

"ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకోమన్నావుగా, తెచ్చుకున్నా," అంది బతూల్.

"బతూల్, ఇది గిన్నె కాదు, స్నానాల తొట్టి!"

"ఎంత గిన్నె తేవాలో చెప్పలేదు నువ్వు."

ఆమె వెనకే వీధి వీధంతా కదిలొచ్చింది. నిన్న తూబా క్యూలో నిలబడటం ఊరంతా చెప్పుకున్నట్టుంది. వచ్చారు బాగానే ఉంది, తెచ్చినవి చూస్తే తూబాకి కళ్ళు తిరిగాయి. అన్నం వండే తప్పేలాలు, పచ్చళ్ళ జాడీలు, ఒకాయన బకెట్టు. థర్మోకోల్ డబ్బా ఉన్నన్నాళ్ళూ మనిషికి ఎంతన్నది డబ్బానే చెప్పేది. ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు. ముందొచ్చిన వాళ్ళకి తూబా గిన్నె నిండా వేసేసింది, మొక్కు అన్నం కాదనలేక. కాసేపటికి డేగిశాలో గరిటె అడుగుకి తగిలి ఠంగుమంది. ఊరేగింపు ఇంకా మలుపు కూడా తిరగలేదు.

ఎవరూ రారేమోనని ఇన్ని రోజులూ భయపడింది. వచ్చినవాళ్ళకి చాలదేమోనన్న ఆలోచనే రాలేదు. చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఇలా తే," అంది వెనక నుంచి ఇష్రత్. గరిటె లాక్కుంది. చాదర్ నడుముకి బిగించి డేగిశా ముందు నిలబడి వీధి చివరికి వినబడేలా అరిచింది. "గిన్నె ఎంతైనా తెచ్చుకోండి, మనిషికి రెండు గరిటెలు! మా అమ్మ మొక్కు ఇది, మీ అటక నింపడానికి కాదు! ఏమయ్యోయ్, ఆ బకెట్టు పక్కన పెట్టు, బస్సు కడుక్కోడానికి తెచ్చావా?"

బకెట్టాయన సిగ్గుపడి పక్కకి తప్పుకున్నాడు. క్యూ సర్దుకుంది. బతూల్ తన బేసినులోంచి తనే సగం తీసి డేగిశాలో ఒంపేసింది, ఎవరి మొహమూ చూడకుండా. అది చూసి తప్పేలాల వాళ్ళూ జాడీల వాళ్ళూ సగం సగం వెనక్కి ఒంపారు, డేగిశాలు మళ్ళీ నిండాయి.

ఊరేగింపు వచ్చింది. గుండెలు బాదుకుని బాదుకుని చెమటలో తడిసిన మగవాళ్ళు, గిన్నెలెక్కడివి వాళ్ళకి? వాకిట్లో గుడ్డ సుఫ్రాల ముందు కూర్చోబెట్టి స్టీలు కంచాల్లో వడ్డించారు. మొదటి బంతి లేచింది. రెండో బంతి గుమ్మంలో నిలబడి ఉంది. కంచాలు జిడ్డుగా గుట్టపడి ఉన్నాయి. ఇష్రత్ గరిటె పట్టుకునే తూబా వైపు చూసింది. ఇప్పుడు చెప్పు అన్నట్టు.

తూబా కొళాయి తిప్పింది. "అన్నలారా," అంది. "తిన్నవాళ్ళు తిన్న కంచం కడిగి, వెనకవాళ్ళ చేతికివ్వండి."

ఎవరూ కదల్లేదు. ఊరేగింపు ముందు జెండా మోసే మాంసం కొట్టువాడు కంచం చేత్తో పట్టుకుని, ఇది తనతోనే అంటున్నారా అన్నట్టు అటూ ఇటూ చూశాడు. ఎవరో గొణిగారు, "ఆడవాళ్ళు లేరా ఇంట్లో?"

కుర్బాన్ అలీ మూల నిలబడి టీ గ్లాసులు అందిస్తున్నాడు. ఆ మాట విని పళ్ళెం కింద పెట్టాడు. పెళ్ళాం వైపు చూశాడు, అక్క వైపు చూశాడు. చొక్కా చేతులు పైకి మడిచి, కొళాయి దగ్గరికొచ్చి, ఆ పొట్టతో అవస్థపడి గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మ ఈ అన్నం పెట్టింది నా ప్రాణం కోసం," అన్నాడు కంచం మీద పీచు రుద్దుతూ. "నలభై ఏళ్ళుగా తింటున్నా, ఒక్కటి కడిగిన పాపాన పోలేదు. తేవయ్యా, నీది కూడా తే."

మాంసం కొట్టువాడు కంచం ఇవ్వలేదు. ఆయనే వచ్చి పక్కన కూర్చున్నాడు. తర్వాత ఇంకొకడు. నీళ్ళు చాలక తోపులాట కూడా అయ్యింది, "నువ్వు సబ్బు వేస్తున్నావా, వడ్డిస్తున్నావా?" అని ఒకళ్ళనొకళ్ళు ఎగతాళి చేసుకున్నారు. కడిగిన వాటిలో సగం జిడ్డు వదల్లేదు. ఇష్రత్ ఒక కంచం ఎత్తి వెలుతురులో చూసి, "ఇదేనా కడగడం? మళ్ళీ కడుగు," అని విసిరినంత పని చేసింది. ఆమె మొహం మీద నవ్వు లాంటిదేదో ఉంది.

ఇంతట్లో ఇళ్ళకి తీసుకెళ్ళాల్సిన వాళ్ళు వచ్చారు, గిన్నె సంగతి తెలియని పక్క వీధుల వాళ్ళు. తూబా వంటింట్లోకి పరుగెత్తి తన గిన్నెలే నింపి ఇచ్చింది. టిఫిన్ డబ్బాలు పోయాయి, ఎనామిల్ గిన్నె పోయింది, చివరికి ఓ ఇల్లాలు మంచాన పడ్డ మొగుడికి పట్టుకెళ్తానంటే ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి మూత బిగించి ఇచ్చింది. ఇంకేమైనా ఉందేమోనని సామాన్ల గదిలో వెతుకుతుంటే, దుప్పటి కింద కనపడింది, ఓ అట్టపెట్టె. విప్పితే తెల్ల థర్మోకోల్ డబ్బాలు.

"వదినా! ఇదేంటి?"

ఇష్రత్ గుమ్మంలోకి వచ్చి చూసింది. దొరికిపోయినట్టేమీ లేదు ఆమె మొహం.

"అదా? నువ్వు ఓడిపోతే పనికొస్తుందని. ఓడిపోయావా?"

"లేదు."

"అయితే మూసెయ్."

తూబా మూసేసింది. కానీ ఎక్కువసేపు కాదు. మోటారు సైకిలు మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి ఆగారు. ఆసుపత్రిలో రోగుల పక్కన కూర్చున్న వాళ్ళు పొద్దుట్నుంచి తినలేదనీ, పట్టుకెళ్ళి పంచుతామనీ అడిగారు. ఇంట్లో గ్లాసు తప్ప పాత్ర లేదు. కంచాల్లో పెట్టి బండి మీద ఎలా పంపడం? ఢోళ్ళ మోత వినపడుతూనే ఉంది. తూబా కాలుగాలిన పిల్లిలా వాకిట్లో ఇటు నుంచి అటు తిరిగింది. తర్వాత సామాన్ల గదిలోకి వెళ్ళి తనే ఆ పెట్టె ఎత్తుకొచ్చింది. డబ్బా తెరిచినప్పుడల్లా థర్మోకోల్ కిర్రుమంటుంటే పళ్ళు పులిసినట్టయింది. ఒక్కొక్కదాన్నీ తన చేత్తోనే నింపింది, తన చేత్తోనే మూత నొక్కింది. ఇష్రత్ పక్కన నిలబడి ఆలుగడ్డ ముక్కలు వేసింది. దెప్పుతుందని తూబా కాచుకుని ఉంది. ఇష్రత్ తర్వాతి డబ్బా తెరిచి అందించింది.

"డబ్బాలు అక్కడే పారేయకండి నాయనా," అంది తూబా కుర్రాళ్ళతో. సరే అన్నారు. అంటారుగా.

సాయంత్రం అందరూ వెళ్ళాక ముగ్గురూ డేగిశా చుట్టూ కూర్చున్నారు. వడ్డించుకోడానికి మసీదు కంచాలున్నా మళ్ళీ కడిగే ఓపిక ఎవరికీ లేదు. అడుగున మాడుచెక్క గరిటెతో గీకి, అదే గరిటె ఒకళ్ళకొకళ్ళు ఇచ్చుకుంటూ తిన్నారు. కుర్బాన్ అలీ నడుము పట్టేసి గోడకి చేరగిలబడ్డాడు.

"వచ్చే ఏడు ఆ కొళాయి కొంచెం ఎత్తున పెట్టిద్దాం," అన్నాడు మూలుగుతూ. "నిలబడి కడగొచ్చు."

ఇష్రత్ తమ్ముణ్ణి ఓ చూపు చూసింది. "డబ్బాలొచ్చేదాకా అన్నేళ్ళు మేము వంగి కడిగితే ఎవడికీ తోచలేదురా ఈ ఆలోచన!"

తర్వాతి రోజుల్లో గిన్నెలు ఒక్కొక్కటే తిరిగొచ్చాయి. ఖాళీ గిన్నె ఎవరు మాత్రం తిరిగిస్తారు? ఒకదాంట్లో వెల్లుల్లి ఊరగాయ, ఒకదాంట్లో పుల్లటి ఆలూబుఖారాలు, టిఫిన్ డబ్బాలో బాతు గుడ్లు. బతూల్ కోడలు ఎనామిల్ గిన్నె ఒకటి తెచ్చింది. అది వీళ్ళది కాదు, దాని అంచు ఆకుపచ్చ. అయినా ఉంచుకోమంది. ప్రెషర్ కుక్కర్ మాత్రం రాలేదు. ఆ ఇల్లాలి పేరు అడగలేదు తూబా. ఆమె మొగుడికి ఎలా ఉందో కూడా తెలియదు. ఆసుపత్రికి పోయిన డబ్బాలు ఏ చెత్తలో కలిశాయో అసలే తెలియదు.

"కుక్కర్ పోగొట్టుకున్నావు, గొప్ప పని చేశావు," అంది ఇష్రత్ వారం తర్వాత, తూబా వంటింట్లో బాతు గుడ్లు సర్దుతూ. శనగబద్దలు రోజంతా ఉడకాల్సి వస్తోందని ఆమె గొడవ.

తూబా వినడం లేదు. కిటికీ దగ్గర నిలబడి ఉంది. "వదినా, ఆషూరా అయిన నలభయ్యో నాడు, అర్బయీన్‌కి, మసీదు ముందు టీ పోస్తారుగా. రోజంతా పోస్తారు. అన్నీ ప్లాస్టిక్ కప్పులే. ఆ మసీదాయన నా మాట వింటాడంటావా?"

"నీ మాట వినడు," అంది ఇష్రత్.

తూబా మిషను దగ్గరికి వెళ్ళింది, కూర్చోకుండానే తిరిగొచ్చింది.

"నేను చెప్తే వింటాడు," అంది ఇష్రత్, గుడ్ల మీద నుంచి తలెత్తకుండా. "రేపు పోదాం. ముందు నువ్వు కాసేపు కూర్చో, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి."

తూబా కూర్చుంది. కూర్చుందన్న మాటే గానీ, కుర్చీ అంచునే.